ఉప్పు గ్రహానికి రెండో భాగం

సల్వా, కువైట్
జులై 1990

నాన్నా ఆనందబాబూ,

పుస్తకాల కట్ట చేరింది. వారపత్రికల్లోంచి నీ సీరియల్ కాగితాలు కోసి, పురికొసతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట అంటించిన నా మరదలు మెర్సీకి ముందుగా నా దీవెనలు. కుట్టు ఒక్కటీ ఊడలేదు. మామిడికాయ పచ్చడి కూడా కారకుండా వచ్చింది.

అభిప్రాయాలు రాయమన్నావు. నువ్వు నర్సాపురంలో పిల్లలకు సైన్సు చెప్పేవాడివి, నవలలు రాసేవాడివి. నేనిక్కడ మంచం పట్టిన ఒక ముసలావిడకు మందులిచ్చి, పక్కలు మార్చి, వీపుకు పౌడరు రాసేదాన్ని. అయినా అడిగావు కనుక మొహమాటం లేకుండా రాస్తాను. నీకు అక్షరాలు దిద్దించింది నేనే కదా, ఇప్పుడు నీ అక్షరాలు దిద్దే హక్కు కూడా నాకే ఉంటుంది.

"పాదరసపు కోట" రాసినాయన ఎడారిని చూడలేదు. రాకుమారుడు మూడు ఎడారులు దాటాడు, గుర్రం దాటింది, ఒక్కరికీ దాహం వెయ్యలేదు. ఇక్కడ గేటు దాకా వెళ్ళి చెత్త పడేసి వస్తే నాలుక పిడచకట్టుకుపోతుంది. కానీ అందులో అద్దాలు లేని గది ఉంది చూడు, తన మొహం ఎలా ఉంటుందో మరిచిపోయిన రాణి అందులో ఉంటుంది. ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను. మాంత్రికుణ్ణి తీసేసి ఆ రాణి కథే రాసి ఉంటే మంచి నవల అయ్యేది.

"రెండువేల నూట పది" అన్న నవల హాయిగా చదివించింది. అందరూ అన్నం మానేసి మాత్రలు మింగుతారు. ఆ సంగతి మా వంటమనిషి హమీదా బీకి చెప్పాను. ఆవిడది రాయచోటి. "మాత్ర మింగినంక గూడా ఉప్పు చాల్లేదనే మొగుడు ఒగడుంటాడక్కా, రాసినాయనకి తెలీదు" అంది. రచయితకు ఈ మాట చేరవెయ్యి. పనికొస్తుంది.

ఈ మధ్య వస్తున్న ఈ రకం నవలలన్నిటిలో నాకు ఒక లోటు కనబడుతోంది. లోకం అంతమైపోతుంటే అందరూ ఆకాశం వైపు చూస్తారు. ఓడ ఎక్కుతారు. మంచం మీద ఉన్నవాళ్ళను ఎవరు మోశారో, ఎక్కడ దించారో ఒక్కరూ రాయరు. బహుశా ఆ పని చేసేవాళ్ళకు నవలలు రాసే తీరిక ఉండదు.

నీ "ఉప్పు గ్రహం" మొదటి భాగం చదివాను. దాని గురించి ఇప్పుడు రాయను. ప్రార్థన చేసుకుని, మనసు కుదుటపడ్డాక రాస్తాను.

పిల్లలకు ముద్దులు. వేళకు తిను.

నీ అక్క,
రత్నమణి


సల్వా
ఆగస్టు 1990

నాన్నా ఆనందబాబూ,

ముందు ఒక్క మాట. నేను బతికే ఉన్నాను. ఒంటి మీద గీత కూడా పడలేదు. రేడియో విని మెర్సీ ఏడుస్తుంటే ఊరుకోమను.

పోస్టు లేదు, ఫోను లేదు. అమ్మాన్ మీదుగా బొంబాయికి వెళ్ళిపోతున్న ఒక నర్సమ్మ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

శత్రువు దిగే రోజు ఆకాశం ఎర్రబడుతుందని, పక్షులు ఎగిరిపోతాయని మీ నవలల్లో రాస్తారు. అది తప్పు. మామూలుగానే తెల్లారింది. పాలు పొంగుతున్నాయి. దూరంగా దుప్పట్లు దులుపుతున్నట్టు చప్పుళ్ళు వినిపించాయి. మా డ్రైవరు చిన్నపుల్లయ్య రొట్టెలకని వెళ్ళి ఉత్త చేతులతో వచ్చి, "అక్కా, ఇరాకోళ్ళు వొచ్చేసినారు, రోడ్డు నిండా ట్యాంకులే" అన్నాడు. రాజంపేట మనిషి, ఎప్పుడూ నవ్వించేవాడు. ఆ పూట హమీదా బీ కూడా నమ్మలేదు, వేళాకోళం అనుకుంది. మధ్యాహ్నానికి ఒక సైనికుడు గేటు తట్టాడు. తెల్ల మీసాలు. "హిందీ?" అన్నాడు. హిందీ అన్నాను, ఇండియావాళ్ళను ఇక్కడ అలాగే అంటారు. నీళ్ళు అడిగాడు. ఇచ్చాను. గ్లాసు తిరిగిచ్చి దణ్ణం పెట్టాడు. వీధి చివర అదే బట్టలు వేసుకున్నవాళ్ళు టీవీలు, ఫ్రిజ్‌లు లారీకెక్కిస్తున్నారు. ఇలాంటి శత్రువును నీ నవలలో పెట్టు. అందరికీ కోరలే ఉండనక్కర్లేదు.

ఇంటి యజమాని, భార్యాపిల్లలతో సెలవులకు లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో మిగిలింది మేం ముగ్గురం, మంచం మీద ఆయన తల్లి. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటారు. ఈవిడను పెద్ద మామా అంటాం. ఎడమ పక్క చచ్చుబడిపోయింది కానీ నోరు మాత్రం చక్కగా తిరుగుతుంది. టీవీ రావడం లేదని, కొడుకు ఫోను చెయ్యడం లేదని మమ్మల్ని కాల్చుకు తినేది. ఏం చెయ్యాలో తోచక, ఒక రోజు సాయంత్రం నమాజు అయ్యాక నీ "ఉప్పు గ్రహం" తీసుకుని ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. నేను తెలుగులో చదువుతాను, హమీదా బీ తనకొచ్చిన వంటింటి అరబ్బీలో చెబుతుంది, చిన్నపుల్లయ్య చేతులూ కాళ్ళూ తిప్పి ఓడలు, పేలుళ్ళు చూపిస్తాడు. రోజుకు ఒక అధ్యాయం. అధ్యాయం అయిపోగానే పెద్ద మామా "బాదెన్?" అంటుంది. అంటే, తరవాత? అని. రచయితకు అంతకన్నా ఏం కావాలి?

ఇక నా అభిప్రాయం. ఇన్నాళ్ళు ఆపాను. ఇప్పుడు రాయకపోతే మళ్ళీ ఎప్పుడు వీలవుతుందో తెలియదు.

మొదటి భాగంలో గనుల జబ్బుతో పెద్దవాళ్ళంతా పోతారు. ముగ్గురు పిల్లలను ధాత్రి అనే యంత్రం పెంచుతుంది. ఉన్న ఒక్క రొట్టెను మూడు ముక్కలు చేస్తుంది. తనకు ఆకలి లేదంటుంది. తెల్లారకముందే లేచి సన్నగా పాడుకుంటుంది. "తిన్నారా, పడుకోండి" తప్ప వేరే మాట రాదు. ఎడమ మోకాలు కిర్రుమంటుంది. బాబూ, అది నా మోకాలే, అక్కడ నేను ఆగిపోయాను. అమ్మానాన్నా పోయాక మీ ముగ్గుర్నీ పెట్టుకుని ఆ ఇంట్లో ఎలా తిరిగానో నువ్వొక్కడివే అంత గుర్తు పెట్టుకున్నావని ముందు సంతోషపడ్డాను. తరవాత ఓడ వచ్చింది. చోటు తక్కువ. దీన్నెందుకు మొయ్యడం, యంత్రానికి బాధేముంటుంది అన్నాడు కెప్టెన్. దాన్ని ఉప్పులో నిలబెట్టి ఓడ లేచింది. ఆఖరి వాక్యం నాకు నోటికి వచ్చేసింది: "పిల్లలు ముగ్గురూ నిద్రపోయారు."

కెప్టెన్ మాటకు నేను బాధపడలేదు. కెప్టెన్లు అలాగే ఉంటారు. పిల్లలు నిద్రపోయారన్నావు చూడు, అది గుచ్చుకుంది. ఒక్కడైనా కిటికీలోంచి వెనక్కి చూశాడని రాయడానికి ఒక వాక్యం పట్టేది. చిన్నాడి చేత చూపించకూడదా? నా గురించి మీరందరూ అలాగే అనుకుంటున్నారేమో, అక్కకు ఏమీ అనిపించదని. నిజమే, నేను చెప్పను. చెప్పకపోతే లేనట్టేనా?

ఆ అధ్యాయం చదివిన రోజు ఇక్కడ ఏమైందో తెలుసా? చిన్నపుల్లయ్య తింటున్న గిన్నె పక్కన పెట్టేశాడు. హమీదా బీ కొంగుతో ముక్కు తుడుచుకుని, "మిసనమ్మను ఉప్పులో నిలబెట్టిపోయినోళ్ళకి ముద్ద ఎట్లా దిగిందక్కా?" అంది. అప్పట్నుంచి ధాత్రి మా అందరికీ మిసనమ్మే. పెద్ద మామా మాత్రం ఏడవలేదు. "బాదెన్?" అంది. రెండో భాగం రాలేదు మామా, దారులు మూసేశారు అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. "పుస్తకం సగం పంపినవాడు ఏం మనిషి?" అని తిట్టింది. నీ పేరు అడిగి మరీ తిట్టింది.

సరే. వచ్చే నెల మనవాళ్ళ బస్సులు కట్టకట్టుకుని బాగ్దాద్ మీదుగా వెళతాయట. చిన్నపుల్లయ్య తిరిగి తిరిగి మా ముగ్గురి పేర్లు రాయించాడు. నేనూ ఒప్పుకున్నాను. పక్కింటి జులేఖా పెద్ద మామాను చూసుకుంటానంది. వస్తున్నాను. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఈ మాటలు మళ్ళీ అంటాను, జాగ్రత్త.

నీ అక్క,
రత్నమణి


సల్వా
సెప్టెంబరు 1990

నాన్నా ఆనందబాబూ,

బస్సుల దగ్గర రెండు రోజులు ఆగవలసి వచ్చిందని చిన్నపుల్లయ్య ఒకసారి తిరిగొచ్చాడు, ఈ ఉత్తరం తీసుకెళ్ళి అతనే నీకు పోస్టు చేస్తాడు. వెనక వాళ్ళ ఊరి చిరునామా రాశాడు. ఉత్తరం వచ్చి నేను రాకపోతే భయపడకు. నన్నెవరూ ఆపలేదు.

బయల్దేరే రోజు పొద్దున పెద్ద మామాకు స్నానం చేయించి, తల దువ్వి, మందులు వరసగా పెట్టి, ఏ సీసా ఎప్పుడో జులేఖాకు చూపించాను. జులేఖా తల ఊపుతోంది కానీ కళ్ళు నా మీద లేవు. గట్టిగా అడిగితే చెప్పింది. వాళ్ళ ఆయన కారు సిద్ధం చేశాడట, వీలు చిక్కిన రోజున ఎడారి దారిన సౌదీకి పోతారట. "పోయే లోపల చూస్తాను" అంది. ఆవిడను తప్పు పట్టను. ఆవిడకు ఆవిడ పిల్లలు.

సంచి తెచ్చి బండిలో పెట్టాను. ఎక్కి కూర్చున్నాను కూడా. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. ప్రభువు నాకు ఏమీ చెప్పలేదు. ఆయన నాతో మాట్లాడేది తక్కువే, నా పోలిక. లోపల్నుంచి పెద్ద మామా గొంతు వినపడింది. వెళ్ళొద్దని కాదు. వెళ్ళమనే అంది పొద్దున. ఇప్పుడు మాత్రం గట్టిగా, "బాదెన్?" అని అరిచింది. మిసనమ్మ సంగతి తేల్చి వెళ్ళమని.

దిగాను.

"ఏమక్కా, ఏం మరిచిపోతివి?" అన్నాడు చిన్నపుల్లయ్య.

"ఏమీ మరిచిపోలేదు. మీరు పొండి."

"నీకేమన్నా తిక్కనా? కన్నకొడుకు లండన్లో ఏసీ కింద కూచోనుంటే నీకెందుకీ యవ్వారం? ఇక్కడుండేదానికి ఇఖామా కాయితం ఇచ్చినంత మాత్రాన ప్రాణం గూడా రాసిచ్చినామా ఈళ్ళకి? యల్లా, ఎక్కు."

"అరవకు పుల్లయ్యా. బస్సు తప్పిపోతుంది."

హమీదా బీ తల కొట్టుకుంది. దిగి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. తన దగ్గరున్న బియ్యం, పప్పు, రెండు గోధుమపిండి సంచులు ఎక్కడ దాచిందో చెవిలో చెప్పింది. "మిసనమ్మలెక్క మొండిదానివి నువ్వు" అని బండెక్కింది. చిన్నపుల్లయ్య కళ్ళు తుడుచుకుంటూనే నన్ను తిడుతూ పోయాడు. వీధి మలుపు దాకా వినిపించింది.

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. హమీదా బీ లేదు కనుక నా అరబ్బీతోనే చెప్పాను. మామా, పుస్తకంలో తప్పు రాశారు. దాన్ని ఎవరూ వదిలెయ్యలేదు. ఓడ మెట్టు దాకా ఎక్కి అదే దిగింది. గనిలో కాళ్ళు లేని ముసలాయన ఒకడు ఉండిపోయాడు, ఆయన కోసం.

పెద్ద మామా అడిగింది: "ఆ ముసలాడు దానికి ఏమిస్తానన్నాడు?"

"ఏమీ ఇస్తాననలేదు."

"అయితే అది పిచ్చి మిషను" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదలు.

బాబూ, పోయిన ఉత్తరంలో రాసినదాంట్లో ఒక మాట కొట్టేస్తున్నాను. నిలబెట్టి పోయారు అన్నాను. దాన్ని ఎవరూ అడగలేదు, నీ కథలో తప్పు అదే. అడిగి ఉంటే ఉంటానని అదే చెప్పేది. కొండంత తేడా ఉంది, ఆలోచించు. మిమ్మల్ని పెంచినప్పుడు కూడా నన్నెవరూ కట్టెయ్యలేదు. పెళ్ళివారు వచ్చినప్పుడు వద్దన్నది నేనే. కువైట్ వస్తానన్నదీ నేనే. మీ మెడకు ఆ బరువు తగిలించుకోకండి, నా నుంచి ఆ గౌరవం తీసెయ్యకండి.

పిల్లలు నిద్రపోయారన్న వాక్యం సంగతి మాత్రం వదలను. అది నువ్వు దిద్దాల్సిందే.

వేళకు తిను.

నీ అక్క,
రత్నమణి


సల్వా
జూన్ 1991

నాన్నా ఆనందబాబూ,

చిన్నపుల్లయ్య తిరిగొచ్చాడు. బండి దిగుతూనే "ఉండావా మిసనమ్మా?" అని కేకేశాడు. నువ్వు రాజంపేటకు పంపిన "ఉప్పు గ్రహం" రెండో భాగం నా చేతిలో పెట్టాడు. ఈసారి మెర్సీ కుట్టు వంకర పోయింది. ఏడుస్తూ కుట్టిందేమో. పోనీలే.

దాని గురించి రాసే ముందు ఇక్కడి సంగతి రెండు ముక్కల్లో రాస్తాను. చలికాలమంతా మేమిద్దరమే. జులేఖావాళ్ళు అక్టోబరులో వెళ్ళిపోయారు. వెళ్ళేముందు వాళ్ళ ఇంటి తాళంచెవి, డబ్బాడు ఖర్జూరాలు ఇచ్చిపోయింది. బాంబులు పడే రోజుల్లో పెద్ద మామా మంచాన్ని నడవలోకి లాగాను. స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టాను. రొట్టె ఉన్నరోజు రొట్టె, లేనిరోజు గంజి. రోజూ ఒక అధ్యాయం నోటికొచ్చింది చెప్పాను. గనిలో ముసలాయన్ను ఎలాగైనా చంపేద్దామనుకున్నాను, కథ తొందరగా తేలుతుందని. పెద్ద మామా ఒప్పుకోలేదు. "వాడు చావడానికి వీల్లేదు" అంది. సరేనన్నాను. కొన్నాళ్ళకు వాడి చేత తిట్లు తిట్టించాను, అచ్చం ఆవిడ తిట్లే. కనిపెట్టేసింది. అయినా ఊరుకుంది.

ఫిబ్రవరి ఆఖర్లో ఇరాక్‌వాళ్ళు చమురు బావులు తగలబెట్టి పోయారు. గాలి ఇటు తిరిగిన రోజున పట్టపగలు దీపం పెట్టుకోవలసి వస్తోంది, ఇప్పటికీ. నీ మూడో అధ్యాయంలో నల్ల సూర్యుడు ఉన్నాడు కదా, సరిగ్గా రాశావు, మెచ్చుకుంటున్నాను. ఒక్కటి వదిలేశావు. అప్పుడు ఆరేసిన బట్టల మీద జిడ్డు మరకలు పడతాయి, ఎంత ఉతికినా పోవు. అది రాస్తే చదివేవాళ్ళు నమ్ముతారు.

పెద్ద మామా కొడుకు ఏప్రిల్లో వచ్చాడు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. తరవాత నా వైపు తిరిగి చేతులు జోడించబోయాడు. ఆవిడే అంది: "దానికి దండాలు పెట్టకు, అన్నం పెట్టు. పొద్దున్నించీ తినలేదు." బాబూ, ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో నేను తినలేదని పట్టుకున్న మనిషి ఆవిడే. తిన్నాను అని నేను అప్పటికే చెప్పి ఉన్నాను.

ఇక నీ రెండో భాగం. పిల్లలు పెద్దవాళ్ళై తిరిగి వస్తారు. ఉప్పులో తుప్పుపట్టి నిలబడిన ధాత్రిని తీసుకెళ్ళి బడి గేటు ముందు నిలబెడతారు. పూలదండ వేస్తారు. పెద్దాడు ఉపన్యాసం ఇస్తాడు. ఓడ లేచేటప్పుడు చిన్నాడు నిద్ర నటించాడని, కళ్ళు తెరిస్తే కెప్టెన్ కాళ్ళు పట్టుకుని ఏడ్చేస్తానని భయపడ్డాడని, ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదని ఇందులో రాశావు. నా ఉత్తరాలు చేరకముందే వారపత్రికలో అచ్చయిందని తారీఖు చూసి తెలుసుకున్నాను. ఆ పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. సగం పుస్తకం చదివి నిన్ను అన్నాను. అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వాక్యం దిద్దకు, అలాగే ఉంచు.

కానీ ముగింపు నాకు నచ్చలేదు. ఉపన్యాసం బాగుంది, మాటలు తూకంగా ఉన్నాయి, నాకు గౌరవంగానే రాశావని తెలుసు. విగ్రహం చేసి నిలబెట్టారు, వానలో, ఎండలో, మళ్ళీ నిలబడే ఉండాలి. మోకాలు సంగతి ఏమైంది? ఒక్కరైనా కుర్చీ వేశారా? "తిన్నావా?" అని దాన్ని ఎవరైనా అడిగారా? మూడు ముక్కలు చేసిన రొట్టెలో నాలుగో ముక్క ఎప్పుడైనా వచ్చిందా? చిన్నపుల్లయ్యకు ముగింపు చదివి వినిపించాను. "దండేసినారంటే సచ్చిపోయినట్టే గదక్కా" అన్నాడు. నా అభిప్రాయమూ అదే.

మా ముగింపు మేలు. నేనూ పెద్ద మామా కలిసి అల్లింది. విను. గనిలో ముసలాయన బంధువులు వచ్చారు. ఆయన క్షేమం. ఒకరోజు ఆకాశంలో మళ్ళీ ఓడ కనపడింది. మిసనమ్మ ఎవరో వచ్చి తీసుకెళతారని నిలబడి చూడలేదు. చెయ్యి ఎత్తి ఊపింది. పుట్టాక మొదటిసారి తన కోసం ఒకటి అడిగింది. "చోటుందా?" అంది.

"బాదెన్?" అంది పెద్ద మామా.

ఇంకా తెలియదు మామా, మా తమ్ముడికి రాసి కనుక్కుంటానన్నాను. ఆవిడకు అర్థమైంది. తరవాత కొడుకును పిలిచి, ఇఖామా కోసమని ఆయన తీసుకున్న నా పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టమంది. ఇఖామా పొడిగిస్తానని, జీతం పెంచుతానని ఆయన అంటున్నాడు. "ఖలాస్" అంది ఆవిడ. కొత్త నర్సమ్మకు ఆవిడ పక్కలు మార్చడం, పౌడరు రాయడం, తిట్లు పట్టించుకోకపోవడం అన్నీ నేర్పుతున్నాను.

కనుక అడుగుతున్నాను. చోటుందా? వీధి వైపు గది కావాలి. నీ పత్రికల కట్టలు అటక మీదకు ఎక్కించు. కిటికీ పక్కన చేతుల కుర్చీ ఒకటి. ఆదివారం నేను వంట చెయ్యను, చర్చి నుంచి వచ్చేసరికి ఎవరో ఒకరు నాకు వడ్డించాలి. కొత్త నవలలు ముందు నేను చదవాలి, తరవాతే మీరు. నువ్వు చోటు లేదన్నా వస్తాను, టికెట్టు కొనేశాను. అయినా అడగడం నేర్చుకుంటున్నాను.

జులై నెలాఖరులో దిగుతాను. రైలు వేళ బొంబాయి నుంచి టెలిగ్రాం ఇస్తాను. దండలు తేవద్దు. స్టేషన్లో నన్ను చూడగానే "తిన్నావా అక్కా?" అని అడుగు.

లేదురా, ఆకలేస్తోంది అంటాను.

నీ అక్క,
రత్నమణి